దాచుకున్నదే మార్చుకోగలం



ఒక క్లాస్ లోపలి సంగతులు బయట ఎంత కోడ్‌కు తెలిస్తే, ఆ క్లాస్‌ను మార్చడం అంత కష్టం. నిర్వహణ భారంలో చాలా భాగం ఇక్కడే పుడుతుంది. పని జరిగే వరుసను బట్టి ప్రోగ్రామును విడగొట్టడం సరికాదనీ, ముందు ముందు మారగల నిర్ణయాలను ఒక్కో మాడ్యూల్‌లో దాచాలనీ డేవిడ్ పార్నాస్ 1972లోనే రాశారు. ఎన్‌క్యాప్సులేషన్ వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఈ జాగ్రత్త తప్పితే ఏమవుతుందో జావాలోని స్టాక్ క్లాస్ చూపిస్తుంది. స్టాక్ అంటే పళ్లేల దొంతర. చివర పెట్టిందే ముందు తీయాలి. 1996లో విడుదలైన జావా తొలి వెర్షన్‌లో దీన్ని జాబితాలాంటి వెక్టర్ క్లాస్‌కు వారసురాలిగా రాశారు. స్టాక్‌కు కావలసింది వెక్టర్ ఇచ్చే నిల్వ చోటు మాత్రమే. కానీ ఇన్‌హెరిటెన్స్ వల్ల వెక్టర్ మెథడ్లన్నీ దానికి సంక్రమించాయి. ఇప్పుడు దొంతర మధ్యలో పళ్లెం దూర్చవచ్చు, అడుగుది లాగేయవచ్చు. కంపైలర్ అడ్డు చెప్పదు. వెక్టర్‌ను లోపల ఒక ఫీల్డ్‌గా పెట్టుకుని, పుష్, పాప్ వంటి కొద్ది మెథడ్లే బయటికి ఇస్తే ఈ చిక్కు వచ్చేది కాదు.

మాతృ క్లాస్ ఆబ్జెక్ట్ ఉండాల్సిన చోట ఉపక్లాస్ ఆబ్జెక్ట్‌ను పెట్టినా ప్రోగ్రాము నడత చెడకూడదన్నది బార్బరా లిస్కోవ్ 1987లో వివరించిన సూత్రం. స్టాక్ తన నియమం పాటిస్తే వెక్టర్ స్థానంలో నిలవలేదు. వెక్టర్ స్థానంలో నిలిస్తే తన నియమం నిలవదు. ఇన్‌హెరిటెన్స్ కంటే కంపోజిషన్, అంటే ఇలా లోపల ఫీల్డ్‌గా పెట్టుకోవడం, మేలని 1994 నాటి ‘డిజైన్ ప్యాటర్న్స్’ గ్రంథం చెప్పిందీ ఇలాంటి అనుభవాల వల్లే.

తర్వాతైనా సరిదిద్దవచ్చు కదా అనిపిస్తుంది. వీలుకాదు. వెక్టర్‌తో ఆ బంధం తెంచితే, దాని మీద ఆధారపడిన పాత ప్రోగ్రాములు విరిగిపోతాయి. 2006లో జావా 6 డెక్ అనే కొత్త ఇంటర్‌ఫేస్‌ను తెచ్చింది; స్టాక్‌కు బదులు దాన్నే వాడమని జావా డాక్యుమెంటేషన్ సూచిస్తుంది. పాత క్లాస్ మాత్రం ఉన్నచోటే ఉంది.

సూత్రాలను అతిగా వాడినా నష్టమే. ఎన్నడూ రెండో రూపం అవసరపడని క్లాస్‌కు కూడా ఇంటర్‌ఫేస్ తగిలిస్తే, చదివేవారికి మరో ఫైలు తెరిచే శ్రమ మిగులుతుంది. ఏది మారుతుందో ఊహించగలిగిన చోటే గోడ కట్టాలి.

జావా మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉంది. స్టాక్ ఫైలు చాలా చిన్నది. మొదటి క్లాస్ రాయబోయే ముందు దాన్ని ఒక్కసారి ఆసాంతం చదవాలి.