వాహనములందు దారి చూపు యంత్రములు: బిగించినది మేలా, చేతిది మేలా?

మిర్చి బస్తాలు గుంటూరు యార్డునకు, ప్రత్తి జిన్నింగు మిల్లులకు తరలు దినములలో దారి తప్పిన వాహనమువలన అద్దె పెరుగుటయేగాక, ఆనాటి బేరము కూడ చేజారవచ్చును. మన ప్రాంతమున కార్లును, సరకు మోయు చిన్న వాహనములును కొను రైతులు హెచ్చుచున్నారు. దారి చూపు యంత్రమును బిగించిన వాహనమునకు అధికముగా వెల చెల్లించుట లాభమా, లేక చేతనున్న ఫోనే చాలునా యను ప్రశ్న వారికి కలుగుచున్నది. దీనిని విచారింతము.

యంత్రము పనిచేయు విధము

సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచుండు అమెరికావారి జి.పి.యస్. ఉపగ్రహములు నిరంతరము సంకేతములను పంపుచుండును. కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములు అందిన యెడల యంత్రము తానున్న చోటును లెక్కకట్టుకొనును. మన దేశము కూడ నావిక్ అను పేర ఇట్టి యేర్పాటును చేసికొన్నది. దాని మొదటి ఉపగ్రహము 2013 జూలై 1వ తేదీన శ్రీహరికోటనుండి పంపబడినది. ఈ సంకేతములను గ్రహించుటకు టెలిఫోను సిగ్నలు అక్కరలేదు. అయితే చోటు తెలియుట వేరు, దారి తెలియుట వేరు. దారిని చెప్పునది పటము. కావున పటము క్రొత్తదా, పాతదా యనుటయే ముఖ్యమైన విషయము.

బిగించిన యంత్రము

దీని తెర పెద్దది. వాహనపు బ్యాటరీతో నడచును గనుక చార్జి తరుగునను భయము లేదు. పటము లోపలనే నిలువయుండిన యెడల సిగ్నలు లేని చోట్లను పనిచేయును. ఫోనువలె ఎండకు త్వరగా వేడెక్కి ఆగిపోదు.

లోపములును గలవు. వెల హెచ్చు. వాహనమును అమ్మిన దినమున యంత్రము కూడ దానితోడనే పోవును. అన్నిటికంటె పెద్ద లోపము పటము పాతబడుట. చెన్నపట్టణము నుండి కలకత్తా పోవు 5వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు 16వ నంబరుది. చిలకలూరిపేటకు వెలుపలగా బైపాసు వెలసినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడి, అనేక గ్రామముల జిల్లా మారినది. పటమును మార్పింపని యంత్రము ఈ మార్పులను ఎరుగక, బైపాసున పోవలసిన బండిని ఊరి నడుమకు పంపును.

చేతి యంత్రము

పూర్వము దీనికై ప్రత్యేకముగా చిన్న యంత్రములు అమ్ముచుండిరి. ఇప్పుడు చాలమందికి ఫోనే ఆ పని చేయుచున్నది. పటము తరచుగా మారుచుండును. దారిలోని రద్దీ తెలియును. తెలుగున మాట వినిపించును. నేడు సొంత కారులోను, రేపు అద్దె లారీలోను దానినే వాడుకొనవచ్చును. కాని చైత్ర వైశాఖముల యెండలో అద్దమునకు ఆనించిన ఫోను వేడెక్కి ఆగుట కద్దు. సిగ్నలు పోయిన చోట క్రొత్త దారి వెదకుట కష్టమగును.

ఈ రెంటికి నడుమ మూడవ మార్గము గలదు. కొన్ని వాహనముల తెరకు ఫోనును కలిపిన యెడల ఫోనులోని పటమే పెద్ద తెరపై కనబడును. తెర వాహనముది, పటము ఫోనుది యగుటచే రెంటి మేలును చేకూరును.

రెండును ఎరుగని సంగతులు

సాధారణ పటములు కార్లను తలచి చేసినవి. బరువు బండి క్రింద పాత కల్వర్టు ఆగునో లేదో, కాలువ కట్టపై ఎదురుబండికి చోటున్నదో లేదో యంత్రము చెప్పజాలదు. పొలముల నడుమనున్న డొంక కొన్ని పటములలో దారివలె కనిపించును; వాన కురిసిన పిమ్మట ఆ నల్లరేగడిలో చక్రము దిగిన, బస్తాలు దించక బండి కదలదు. కొత్తపాలెము వంటి పేర్లు గల గ్రామములు పెక్కులుండుటచే పేరొక్కటే చెప్పుట చాలదు.

ఆచరింపదగిన పద్ధతులు

1. బయలుదేరకముందే ఇంటివద్ద మన జిల్లాల పటమును ఫోనులోనికి దించుకొని, కొన్ని దినములకొకసారి మార్చుకొనవలెను. అప్పుడు సిగ్నలు లేకున్నను దారి తెలియును.

2. ఊరి పేరుతోబాటు మండలమును, పిన్‌కోడును చేర్చి వెదకవలెను. కోల్డ్ స్టోరేజీ పేరు ఒకటికి రెండు మారులు సరిచూచుకొనవలెను.

3. ఫోనును నీడ తగులుచోట స్టాండునందు బిగించి, చార్జరును వెంటనుంచుకొనవలెను. బండి నడుపుచు ఫోనును చేతపట్టి మాటలాడుట శిక్షార్హము. 2020 అక్టోబరు నుండి నిబంధనలు దారి చూచుటకు మాత్రమే, అదియు నడుపువాని దృష్టి చెదరని రీతిగా, అనుమతించుచున్నవి.

4. డొంకలోనికి, కట్టపైకి తిరుగుటకు ముందు ఆ యూరివారిని అడుగవలెను.

ముగింపు

ఒకే వాహనముతో నిత్యము దూరప్రయాణము చేయువారు, పటమును ఎన్ని సంవత్సరములు ఉచితముగా మార్చెదరో కంపెనీచే వ్రాతమూలముగా తెలిసికొని బిగించిన యంత్రమును కొనవచ్చును. తక్కిన రైతులకు, ఫోనును కలుపుకొను తెర యున్న వాహనమో, లేక స్టాండును దించుకొనిన పటమును గల ఫోనో చాలును. మిగిలిన సొమ్ము టైర్లకును, టార్పాలినుకును వినియోగించుట మేలు.