పీఎల్‌సీ జ్ఞాపకం: ప్రోగ్రామ్ ఒక్కటే దాచుకుంటే చాలదు

పాల డెయిరీలో పచ్చిపాలను కనీసం 72 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, ఆ వేడిలోనే 15 సెకన్లపాటు ఒక పొడవాటి గొట్టం గుండా పంపుతారు. ఆ తర్వాతే చల్లబరిచి ప్యాకెట్లలో నింపుతారు. వేడి చాలకపోతే గొట్టం చివరనున్న వాల్వు పక్కకు తిరిగి పాలను మళ్లీ మొదటి తొట్టిలోకి మళ్లిస్తుంది. చాలా ప్లాంట్లలో ఆ వాల్వుకు ఆదేశమిచ్చేది కంట్రోల్ ప్యానెల్‌లో ఉండే ఒక చిన్న పరికరం. దాని పేరు ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్, వాడుకలో పీఎల్‌సీ. ఆ పరికరం ఒక రాత్రి కాలిపోయిందనుకోండి. తెల్లవారేసరికి కొత్తది బిగించి, పాత పనితీరును దానికి తిరిగి నేర్పాలి. ఏం దాచుకుని ఉంటే అది సాధ్యం?

1968కి ముందు ఈ ప్రశ్నే లేదు. ఫ్యాక్టరీల్లో యంత్రాల తర్కమంతా రిలేలు, తీగల రూపంలో ఉండేది. కరెంటు పోయినా తీగలు ఎక్కడికీ పోవు. అయితే కారు మోడల్ మారిన ప్రతిసారీ ప్యానెళ్లలో వైరింగ్ మార్చడం పెద్ద తలనొప్పి. ఆ ఏడాది అమెరికాలోని జనరల్ మోటార్స్ ఇందుకు ప్రత్యామ్నాయం కావాలని కోరగా, డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084ను రూపొందించింది. తీగల స్థానంలోకి ప్రోగ్రామ్ వచ్చింది. ఎలక్ట్రీషియన్లు బెదిరిపోకుండా ఆ ప్రోగ్రామ్‌ను కూడా రిలే సర్క్యూట్ బొమ్మలాగే, నిచ్చెన మెట్ల మాదిరి గీసే పద్ధతి పెట్టారు. ఇప్పటికీ చాలాచోట్ల అదే వాడుక.

తీగకు లేని బలహీనత ఒకటి మెమరీకి ఉంది. పీఎల్‌సీ వేగంగా పనిచేయడానికి వాడే స్టాటిక్ ర్యామ్‌లో ఒక్కో బిట్‌కు సాధారణంగా 6 ట్రాన్సిస్టర్లు ఉంటాయి. వాటిలో నాలుగు ఒకదాన్నొకటి ఆసరాగా పట్టుకుని 0 లేదా 1ని నిలుపుతాయి. కరెంటు ఆగితే ఆ పట్టు సడలి, సమాచారం పోతుంది. ఫ్లాష్ మెమరీ సంగతి వేరు. అందులో ఎలక్ట్రాన్లను విద్యుద్బంధక పొర చుట్టూ ఉన్న ఒక దీవిలో బంధిస్తారు. మామూలు లెక్కల ప్రకారం దాటలేని ఆ గోడను ఎలక్ట్రాన్ దాటేది క్వాంటం టన్నెలింగ్ వల్ల. ఎమ్మెస్సీలో సమీకరణాలతో కుస్తీ పట్టిన ఆ విషయం పాలడెయిరీ ప్యానెల్‌లో పనిచేస్తూ కనిపిస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

కానీ రాసిన ప్రతిసారీ ఆ పొర కాస్త దెబ్బతింటుంది. లక్షసార్లు రాయగల గడిలో సెకనుకోసారి ఒక విలువను రాస్తూ పోతే 28 గంటల్లోపే దాని ఆయుష్షు తీరిపోతుంది. అందుకే చాలా పీఎల్‌సీల్లో అరుదుగా మారే ప్రోగ్రామ్ ఫ్లాష్‌లో ఉంటుంది, అనుక్షణం మారే విలువలు ర్యామ్‌లో ఉంటాయి. కరెంటు పోయినప్పుడు పాత రకాల్లో ఆ ర్యామ్‌ను లిథియం బ్యాటరీ నిలబెడుతుంది. కొన్ని కొత్త రకాలు కెపాసిటర్‌లో మిగిలిన కొద్దిపాటి శక్తితో, ఆరిపోయేలోపు ముఖ్యమైన విలువలను ఫ్లాష్‌లోకి రాసేసుకుంటాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 'ఉష్ణోగ్రత నిర్దేశిత విలువకంటే తగ్గితే వాల్వు తిప్పు' అన్నది ప్రోగ్రామ్. ఆ నిర్దేశిత విలువ ఎంత అన్నది డేటా. సెన్సర్ సవరణలు, హీటర్ ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే అంకెలు, ఇప్పటివరకు ఎన్ని లీటర్లు పారాయన్న లెక్క కూడా డేటాయే. వీటిలో చాలావాటిని ప్లాంటు నడుస్తుండగా ఆపరేటర్లు తెర మీద నుంచి మారుస్తుంటారు. ల్యాప్‌టాప్‌లోని ఫైలుకు ఆ మార్పుల సంగతి తెలియదు. అందులో ఉండేవి మొదట్లో రాసిన ప్రారంభ విలువలు. ప్లాంటు బిగించిన రోజుల్లో మంచినీళ్లతో పరీక్షించడానికి ఇంజినీరు 40 డిగ్రీలు పెట్టి ఉంటే, ఫైలులో ఆ 40 అలాగే మిగిలి ఉండొచ్చు. కొత్త పీఎల్‌సీలోకి ఆ ఫైలు ఎక్కిస్తే పచ్చలైటు వెలుగుతుంది, తప్పేమీ కనబడదు. సరిగా కాగని పాలు ప్యాకెట్ల వైపు సాగిపోతాయి. ఉష్ణోగ్రతను విడిగా నమోదుచేసే రికార్డరు ఉన్నచోట అది పట్టుకుంటుంది. లేనిచోట పట్టుకునేవారెవరు?

కాబట్టి పీఎల్‌సీ నడుస్తుండగానే దానికి అనుసంధానమై, అందులోని ప్రస్తుత విలువలను చదివి, తేదీతో సహా దాచాలి. మాటల గందరగోళం ఒకటుంది. ఇంటర్నెట్ అలవాటుతో 'డౌన్‌లోడ్' అంటే మన కంప్యూటర్లోకి తెచ్చుకోవడం అనుకుంటాం. ఈ రంగంలో అది ల్యాప్‌టాప్ నుంచి పీఎల్‌సీలోకి ఎక్కించడం. బ్యాకప్ తీద్దామనుకుని ఆ బటన్ నొక్కితే, దాచుకోవాల్సిన విలువల మీదే పాతవి వచ్చి కూర్చుంటాయి. అలాగని పీఎల్‌సీ నుంచి చదివిన ప్రతి ఒక్కటే ఉన్నా ఇబ్బందే. చాలా పాత పరికరాలు ఇంజినీరు రాసిన వ్యాఖ్యలను, పేర్లను తమలో ఉంచుకోవు. తిరిగి చదివితే ఏ చిరునామా ఏ పంపుదో తెలియని అస్థిపంజరం చేతికొస్తుంది. అందుకే మూల ప్రాజెక్టు ఫైలు, పీఎల్‌సీ నుంచి చదివిన విలువలు రెండూ కావాలి. ఆ ఫైలును తెరిచే పాత సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి. కొన్ని ప్లాంట్లలో ఇందుకోసమే ఒక ముసలి ల్యాప్‌టాప్‌ను బీరువాలో భద్రంగా ఉంచుతారు.

ఒక కాపీని నెట్‌వర్క్‌కు దూరంగా ఉంచాలనడానికి కారణం 2010లో బయటపడిన స్టక్స్‌నెట్. ఇరాన్‌లోని యురేనియం శుద్ధి సెంట్రిఫ్యూజ్‌లను నడిపే సీమెన్స్ పీఎల్‌సీల్లోకి తన కోడ్‌ను చొప్పించేలా రూపొందిన వైరస్ అది. అది సోకిన కంప్యూటర్ నుంచి ఇంజినీరు ప్రోగ్రామ్‌ను చదివితే, చొప్పించిన భాగాన్ని దాచేసి మిగతాది మామూలుగా చూపించేది. అలాంటి యంత్రంతో తీసిన బ్యాకప్‌ను నమ్మడానికి వీల్లేదు. ఎప్పుడో మంచి స్థితిలో తీసి పక్కన పెట్టిన కాపీయే అప్పుడు ఆధారం.

ఇక బ్యాటరీ మార్చడం. కరెంటు ఆపి పని చేయడం ఎలక్ట్రీషియన్లకు ప్రాణరక్షణ సూత్రం. కానీ బ్యాటరీతో ర్యామ్‌ను నిలబెట్టే అనేక పీఎల్‌సీల్లో, పవర్ ఉండగానే దాన్ని మార్చమని తయారీదారులు చెబుతారు. పవర్ ఆపి పాత బ్యాటరీ తీస్తే మెమరీ చెరిగిపోవచ్చు. అందుకే ముందు బ్యాకప్, తర్వాతే బ్యాటరీ.

తిరిగి ఎక్కించేటప్పుడు యంత్రాలు హఠాత్తుగా కదలకుండా మోటార్లకు, వాల్వులకు సరఫరా ఆపుతారు. హార్డ్‌వేర్ అమరిక, ప్రోగ్రామ్, ఆపై దాచిన విలువలు ఎక్కిస్తారు. గడియారం సరిచూస్తారు. కాగితం మీద రాసిపెట్టిన విలువలతో తెర మీదివి ఒక్కొక్కటిగా పోల్చుతారు. డెయిరీలో అయితే ఆ తర్వాత కూడా పాలు వదలరు. ముందు నీళ్లు పంపి, వేడిని మెల్లగా తగ్గిస్తూ, 72 దగ్గర వాల్వు నిజంగా తిరుగుతుందో లేదో పక్కనే నిలబడి చూస్తారు.