రాణి రాడెగుండ్ – ఇద్దరు చరిత్రకారులు

క్రీస్తుశకం 531లో, నేటి జర్మనీ మధ్యభాగంలో ఉండిన థురింజియా రాజ్యం ఫ్రాంకుల దండయాత్రకు నేలకూలింది. విజేతలు కొల్లసొమ్మును పంచుకొన్నారు. ఆ సొమ్ములో పదకొండేండ్ల ప్రాయంగల ఒక రాకుమారి, ఆమె సోదరుడు కూడ ఉన్నారు. ఆ బాలిక కొరకు ఫ్రాంకు రాజసోదరులిద్దరు కలహించారట. చివరకు చీట్లు వేయగా ఆమె క్లోతార్ వంతుకు వచ్చింది. ఆ బాలికయే రాడెగుండ్.

క్లోతార్ ఆమెను నేటి ఫ్రాన్సు ఉత్తరభాగంలోని ఆథీ అనే రాజగ్రామంలో పెంచి, చదువు చెప్పించాడు. సుమారు 540లో వివాహమాడాడు. అతని పలువురు భార్యలలో ఆమె ఒకతె. పట్టమహిషి అయినను ఆమె మనసు అంతఃపురంలో నిలువలేదు. పేదలకు అన్నం పెట్టడం, రోగులకు స్వయంగా స్నానం చేయించడం, రాత్రులు శయ్యను విడిచి కటికనేలపై ప్రార్థించడం ఆమె నిత్యకృత్యాలు. రాజు రాణిని కాక సన్యాసినిని పెండ్లాడినాడని కొలువులోనివారు ఆక్షేపించేవారు.

సుమారు 550లో క్లోతార్ ఆమె సోదరుని చంపించాడు. తన వంశంలో దగ్గర మిగిలిన ఒక్క తోడు అలా పోయాక రాడెగుండ్ రాజగృహం విడిచి నోయాన్ నగరానికి వెళ్ళి, తనకు సన్యాసదీక్ష ఇమ్మని బిషప్ మెడార్‌ను అర్థించింది. రాజు భార్యకు దీక్ష ఇవ్వరాదని ప్రభువులు ఆ వృద్ధుని వేదిక వద్దనుండి ఈడ్వసాగారు. మెడార్ సంశయించాడు. అప్పుడామె లోనికి వెళ్ళి, సన్యాసిని వస్త్రాన్ని తానే ధరించి వచ్చి వేదిక ముందు నిలిచింది. దేవునికంటె మనుష్యునికి ఎక్కువ వెరచితే, తప్పిన గొర్రెకు కాపరియే జవాబు చెప్పవలసి వస్తుందని అతనిని హెచ్చరించింది. మెడార్ ఆమె తలపై చేయి ఉంచి దీక్ష ఇచ్చాడు. చీట్లలో ఒకరి వంతుకు వచ్చిన స్త్రీ తన జీవితాన్ని తానే నిర్ణయించుకొన్న ఘడియ అది.

అనంతరం ఆమె ప్వాటియే నగరంలో స్త్రీల మఠాన్ని స్థాపించింది. ఆర్ల్ నగర బిషప్ సెజేరియస్ స్త్రీల మఠాలకై రచించిన నియమావళిని అక్కడ అనుసరించారు. అందులో రెండు నియమాలు గమనింపదగినవి. మఠవాసినులందరు అక్షరాలు నేర్వాలి. ఒకసారి ప్రవేశించినవారు మరణించేవరకు గడప దాటరాదు. మఠాధిపత్యం రాడెగుండ్ స్వీకరించలేదు. తాను పెంచిన ఆగ్నెస్‌ను ఆ స్థానంలో ఉంచి, తాను ఆమె ఆజ్ఞకు లోబడి వంటశాలలో వంతు చేసేది.

ఇటలీనుండి వచ్చిన వెనాన్షియస్ ఫోర్చునాటస్ అనే లాటిన్ కవి ఆ మఠానికి ఆప్తుడయ్యాడు. థురింజియా పతనాన్ని గూర్చిన ఒక విషాద కావ్యం రాడెగుండ్ గొంతుతోనే సాగుతుంది. దూరాన కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న తండ్రి సోదరుని కుమారుని తలచి ఆమె అందులో విలపిస్తుంది. ఆ కావ్యం ఫోర్చునాటస్‌దని పలువురు భావించగా, రాడెగుండ్‌దే కావచ్చునని కొందరు పండితుల మతం. ఎవరు వ్రాసినను, చిన్ననాట చూచిన నెత్తురు నలుబదేండ్ల తరువాత కూడ ఆరలేదని ఆ కావ్యం తెలుపుతుంది. 569లో చక్రవర్తి రెండవ జస్టిన్ క్రీస్తు సిలువదని నమ్మబడే కొయ్యముక్కను ఆమెకు పంపగా, ఫోర్చునాటస్ రచించిన స్తోత్రాలు నేటికీ చర్చిలలో వినబడుతున్నాయి.

587 ఆగస్టు 13న రాడెగుండ్ మరణించింది. పిదప ఫోర్చునాటస్ ఆమె చరిత్రను వ్రాశాడు. అందులో ఆమె ఉపవాసాలు, ఇనుప గొలుసులు, కాల్చిన లోహంతో శరీరంపై వేసుకొన్న వాతలు విస్తారంగా ఉన్నాయి. ఆ ఘట్టాలు చదువుట కష్టం. మహత్త్వమంటే దేహాన్ని హింసించుకొనుటయేనా అన్న ప్రశ్న పాఠకునికి కలుగక మానదు.

ఆ మఠంలో బాల్యంనుండి పెరిగిన బౌడోనివియా అనే సన్యాసిని కొన్నేండ్ల తరువాత రెండవ చరిత్రను రచించింది. ఫోర్చునాటస్ చెప్పినది తిరిగి చెప్పననీ, అతడు విడిచినవే చెప్పుతాననీ ఆమె ఆరంభంలోనే అంటుంది. ఆమె చూపిన రాడెగుండ్ వేరు. రాజులు పరస్పరం కత్తులు దూసినప్పుడల్లా ఇరుపక్షాలకు లేఖలు వ్రాసి, యుద్ధం మానుమని వేడుకొనే రాజనీతిజ్ఞురాలు. భార్యను తిరిగి తీసుకొనిపోవ క్లోతార్ బయలుదేరినప్పుడు పారిస్ బిషప్ జెర్మానస్‌కు లేఖ పంపి అతనిని ఆపించిన ధీర. క్లోతార్ క్షమాపణ కోరి, ఆమెను ఆమె దారిన విడిచాడు. మొదటి గ్రంథంలో తపస్విని, రెండవ దానిలో తల్లి. చదువు నేర్పిన మఠమే తన స్థాపకురాలి కథను ఒక స్త్రీచేత చెప్పించింది.

అంత్యక్రియలను టూర్ నగర బిషప్ గ్రెగరీ నడిపాడు. నియమం ప్రకారం మఠవాసినులు గడప దాటరాదు గదా! శవయాత్ర ప్రాకారం క్రిందుగా సాగిపోతుండగా వారు కిటికీలలోను, గోడలపైన నిలిచి విలపించారు. వారి ఏడుపు చర్చి పాటలను మించి వినబడిందని బౌడోనివియా వ్రాసింది. బౌడోనివియా కూడ బహుశః ఆ కిటికీలలో ఒకదాని వద్ద నిలిచి ఉంటుంది.

అభ్యాసం: రాడెగుండ్ జీవితాన్ని ఫోర్చునాటస్, బౌడోనివియా చిత్రించిన తీరులోని భేదాన్ని మీ సొంత మాటలలో వివరించండి.