గోల్కొండ తల్లి చేసిన బేరం

ఏటే చెల్లీ, మొన్న టీవీలో బంగ్లాదేశ్ గొడవలు చూస్తూ "ముస్లిం రాజ్యంలో ఆడోళ్లు ఏలడం ఈమధ్య వచ్చిందే కదప్పా" అన్నావు. 1988లో బేనజీర్ పాకిస్తాన్ ప్రధాని అయినప్పుడు లోకమంతా నోరెళ్లబెట్టిన మాట నిజమే. మన చరిత్ర కాస్త తిరగేస్తే అంత వింతనిపించదు.

శ్రీకాకుళంలో జామియా మసీదు చూశావు కదా, ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించింది. అప్పటికి మన నరసన్నపేట సీమంతా గోల్కొండ ఏలుబడే. గద్దె మీద అబ్దుల్లా కుతుబ్ షా, వెనకాల వాళ్లమ్మ హయత్ బక్షీ బేగం. హైదరాబాదు కట్టిన కులీ కుతుబ్ షా కూతురే ఆవిడ. 1626లో భర్త పోయేసరికి కొడుక్కి పన్నెండేళ్లు. రాజ్యం చెదరకుండా కాసుకొచ్చింది ఆ తల్లే. మాసాహెబా అనేవారట.

అసలు పరీక్ష 1656లో వచ్చింది. వజ్రాల వ్యాపారంతో బలిసిన మీర్ జుమ్లా, మంత్రి అయ్యుండీ, సుల్తానుకి ఎదురుతిరిగి మొగలుల పంచన చేరాడు. అబ్దుల్లా అతని కొడుకుని ఖైదులో వేశాడు. ఔరంగజేబుకి ఆ సాకు చాలు! హైదరాబాదు దోపిడీ అయింది, కోట చుట్టూ ముట్టడి. అప్పుడు ఆ ముసలావిడ తానే బయల్దేరి శత్రువు డేరాకి వెళ్లింది.

మనూరి బంగారం కొట్లో తరుగు, మజూరీ దగ్గర మనం పట్టుబట్టి కూర్చోమూ, అలాగే కూర్చుందనుకుంటాను. కోటి రూపాయలు కట్టేలా, మనవరాలిని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెళ్లి చేసేలా ఒప్పందం కుదిరింది. ముట్టడి ఆపమని షాజహాన్ ఢిల్లీ నుంచి పంపిన హుకుం కూడా పనిచేసిందిలే, అబద్ధమెందుకు.

నాకు మాత్రం ఆ మనవరాలి దగ్గరే మనసు ఆగిపోతుంది. పిల్లనెవరూ అడిగుండరు. రాజ్యం దక్కింది, దాని వెల ఆడపిల్ల మీద పడింది. ఆ లెక్కలో బేగాన్ని నేను పూర్తిగా క్షమించలేను. అయినా తలవంచి బేరమాడటం పిరికితనమంటే ఒప్పుకోను. కత్తి దూసుంటే ఆ ఏడే గోల్కొండ పోయేది. ఆవిడ బేరంతో 1687 దాకా నిలిచింది.

ఆవిడ 1667లో పోయింది. ఈసారి హైదరాబాదు వెళ్తే చార్మినార్ చూసి వచ్చేయకే. కుతుబ్ షాహీ సమాధుల దగ్గరికీ వెళ్లు. రాజుల సమాధులకి దీటుగా ఆవిడదీ ఉంది, పిల్లలకి చూపించు.