నేను సెలవులో ఉంటాను, మీరు వీళ్లను చదవండి

వచ్చే నెలంతా ఈ పేజీకి నేను రాయడం లేదు. ఒంట్లో బాగానే ఉంది, ఇంట్లోనూ అంతా కులాసానే. విశ్రాంతి కావాలి, అంతే. ఈ మాట చెప్పడానికి మనలో చాలామంది జంకుతారు. సెలవు చీటీలో జ్వరమనో, ఊళ్లో పెళ్లనో రాస్తాం తప్ప ‘అలసిపోయాను’ అని రాయం. రాయండి. అలసిన సంగతి దాచకుండా చెప్పి, ఎప్పుడు తిరిగొస్తారో చెప్పి, మీరు లేనప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా చెప్పండి. అలా చెప్పి వెళ్లినవాళ్ల మీద నలుగురికీ గురి పెరుగుతుందే గానీ తగ్గదు.

అమెరికాలో జేసన్ కాట్కీ అనే ఆయన 1998 నుంచి తన వెబ్‌సైట్‌లో దాదాపు రోజూ రాస్తున్నారు. పాఠకులు కట్టే సభ్యత్వ రుసుమే ఆ సైటుకు పెద్ద ఆధారం. అలాంటి మనిషి 2022 మేలో, బాగా అలసిపోయాను, కొన్నాళ్లు రాయను అని పాఠకులకు చెప్పి ఆపేశారు. ఆరు నెలలు దాటాక ఆ ఏడాది చివర్లో తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టారు. రాత మీదే బతికే మనిషి అంత ధైర్యం చేశాడంటే, నెలజీతం మీద బతికే మనం నాలుగు రోజులు అడగడానికి ఎందుకు సంకోచించాలి?

వెళ్తూ వెళ్తూ కొందరి పేర్లు మీకు చెప్పిపోతాను. అందరూ ఈమెయిల్‌లో ఉత్తరాలు రాసేవాళ్లే. న్యూస్‌లెటర్ అనగానే మీకు బ్యాంకు ఆఫర్లు, చీరల సేల్ మెయిళ్లు గుర్తొస్తాయేమో. నేను చెప్పేవి ఒక మనిషి కూర్చుని రాసి, తన పేరుతో పంపేవి. సెలవు రోజుల్లో వీటిని మించిన చదువు లేదని నా గట్టి నమ్మకం. ఎందుకంటే ఇవి అయిపోతాయి. ఫోన్‌లో రీల్స్‌ను వేలితో నెడుతూ పోతే చివరుండదు. ఎక్కడ ఆపాలో మనమే తేల్చుకోవాలి. అలసిన మెదడుకు సరిగ్గా ఆ తేల్చుకోవడమే చేతకాదు. ఉత్తరమైతే సంతకం దగ్గర ఆగుతుంది, మనం లేచి కాఫీ కలుపుకోవచ్చు.

మొదట అను గార్గ్. మన దేశంలో పుట్టి, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చదువుకుంటూ 1994లో ‘ఎ వర్డ్ ఎ డే’ మొదలుపెట్టారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో ఇంగ్లిష్ మాట. వారానికో అంశం తీసుకుని, ఆ అయిదు మాటలనూ దాని చుట్టూ అల్లుతారు. అర్థం, పుట్టుక, ఎవరో రచయిత వాడిన వాక్యం, చివర ఒక మంచి మాట. చదవడానికి రెండు నిమిషాలు చాలు. మూడు దశాబ్దాలు దాటింది, ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. నలుగురిలో ఇంగ్లిష్ మాట్లాడాలంటే బెరుకు పడే కుర్రాళ్లకు నేను ముందు ఇదే చెప్తాను. అందులో వచ్చే మాటలు చాలావరకు ఆఫీసు మీటింగ్‌లో పనికొచ్చేవి కావు, నిజమే. కానీ ఒక మాట ఏ భాషలోంచి ఎలా నడిచొచ్చిందో రోజూ చూస్తుంటే ఆ భాష మనకు చుట్టమవుతుంది, భయం దానంతటదే సన్నగిల్లుతుంది.

ఆదివారానికి మరియా పొపొవా. బల్గేరియాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఈమె 2006లో ఏడుగురు స్నేహితులకు వారం వారం ఒక మెయిల్ పంపడం మొదలుపెట్టారు. చాలా ఏళ్లు ‘బ్రెయిన్ పికింగ్స్’ అన్న పేరుతో నడిచి 2021లో ‘ది మార్జినేలియన్’ అయింది. పాత పుస్తకాలు, శాస్త్రవేత్తల లేఖలు, కవుల డైరీలు తవ్వి తీసి, మనం ఎలా బతకాలన్న ప్రశ్నకు వాటిని ముడిపెడతారు. 1930లో ఐన్‌స్టీన్, టాగూర్ కూర్చుని సత్యం గురించి మాట్లాడుకున్న ముచ్చట మీద ఆమె రాసినది వెతుక్కుని చదవండి. ఉత్తరం పొడుగ్గా ఉంటుంది, హడావిడిలో మింగుడుపడదు, అందుకే సెలవుకు దాచుకోమంటున్నాను. బుధవారం మాత్రం ఆమె చిన్న ఉత్తరం పంపుతారు. అది తన పాత రచనల్లోంచి తీసినది. ప్రతిసారీ కొత్తది పుట్టించి తీరాలని తమను తాము నలిపేసుకునేవాళ్లు ఆ బుధవారం పద్ధతిని గమనించాలి. నిన్న బాగా చేసిన పని ఇవాళ ఇంకొకరికి కొత్తదే.

పనులన్నీ తెమిలాక విశ్రాంతి తీసుకుందాం అనుకునే జాతి ఒకటుంది. వాళ్లకు ఆలివర్ బర్క్‌మన్. లండన్ పత్రిక గార్డియన్‌లో ఏళ్ల తరబడి మనస్తత్వం గురించి కాలమ్ రాసినవారు, ఇప్పుడు నెలకు రెండుసార్ల చొప్పున ‘ది ఇంపర్ఫెక్షనిస్ట్’ అనే ఉత్తరం పంపుతున్నారు. ఎనభై ఏళ్లు బతికితే మనకు దక్కేది సుమారు 4,000 వారాలన్న లెక్క మీద 2021లో ఏకంగా పుస్తకమే రాశారు. పనులు ఎప్పటికీ తెమలవు కాబట్టి విశ్రాంతిని వాటి వెనక వరసలో నిలబెట్టకూడదన్నది ఆయన వాదన సారం.

నాకు అందరికంటే ఇష్టమైన పద్ధతి మాత్రం క్రెయిగ్ మాడ్‌ది. ఈ అమెరికన్ రచయిత జపాన్‌లో ఉంటారు, అక్కడి పాత బాటల మీద రోజుల తరబడి నడుస్తారు. కొన్ని నడకలకు ప్రత్యేకంగా ఒక ఉత్తరాల వరస పెడతారు. పగలు నడక, రాత్రి బసలో రాత. నడక పూర్తయితే ఉత్తరాలూ ఆగిపోతాయి, చేరినవాళ్ల జాబితానే చెరిపేస్తారు. మొదలయ్యేటప్పుడే ముగింపు ఎప్పుడో అందరికీ తెలుసన్నమాట. ఇది మన ఇళ్లకూ ఆఫీసులకూ ఎంత అవసరమో చూడండి. అన్నవరం ప్రయాణానికని, అన్నయ్య కూతురి పెళ్లికని పెట్టిన వాట్సాప్ గ్రూపులు పెళ్లి కూతురికి పిల్లలు పుట్టాక కూడా మోగుతూనే ఉంటాయి. పని అయిన మర్నాడే అందరికీ కృతజ్ఞతలు చెప్పి గ్రూపు మూసేయండి. విశ్రాంతిలో సగం అక్కడే దొరుకుతుంది.

ఇక క్లుప్తంగా ఉండాలనుకునేవాళ్లకు గురువారం వచ్చే జేమ్స్ క్లియర్ ‘3-2-1’ ఉంది. తనవి మూడు ఆలోచనలు, ఇతరులవి రెండు మాటలు, మనకు ఒక ప్రశ్న. బొమ్మలు, సంగీతం, పుస్తకాలు ఇష్టమైతే శుక్రవారం ఆస్టిన్ క్లియోన్ పంపే పది సంగతులు.

అన్నిటికీ ఒకేసారి పేరు ఇచ్చేయకండి. రెండు చాలు. జీమెయిల్‌లో ఫిల్టర్ పెట్టి అవి ఇన్‌బాక్స్‌లో పడకుండా నేరుగా ఒక లేబుల్ కిందికి వెళ్లేలా చేసుకోండి. మీకు తీరినప్పుడే తెరుస్తారు. నెల తిరిగేసరికి తెరవాలనిపించనిదాన్ని మొహమాటం లేకుండా ఆపేయండి. భారీగా మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో చందా రద్దయ్యే వీలు ఇచ్చి తీరాలని 2024లో గూగుల్ నిబంధన కూడా పెట్టింది. నేను చెప్పినవన్నీ ఇంగ్లిష్‌వే. తెలుగులో వారానికో ఉత్తరం రాసే ఓపిక మీలో ఎవరికైనా ఉంటే వెంటనే మొదలుపెట్టండి. పొపొవా మొదలుపెట్టినప్పుడు చదివింది ఏడుగురే.

మీకు నచ్చినదాన్ని ఇంకొకరికి చెప్పడంలోనూ ఒక మర్యాద ఉంది. గ్రూపులో లింకు పడేస్తే ఎవరూ పట్టించుకోరు. ‘పిన్నీ, నువ్వు రిటైరయ్యాక పుస్తకాలు చదవడానికి కుదురు చిక్కడం లేదన్నావు కదా, ఆదివారం ఉత్తరంతో మొదలుపెట్టి చూడు’ అని ఒక్కరికి, కారణంతో చెప్పండి. చెప్పాక ‘చదివావా?’ అని వెంటపడకండి.

సెలవు మీద వెళ్లేటప్పుడు మెయిల్‌కు పెట్టే ఆటో రిప్లైలో కూడా ఒక వాక్యానికి చోటుంది. ‘పదో తేదీ దాకా సెలవులో ఉన్నాను. అత్యవసరమైతే ఫలానా వారిని అడగండి. ఈలోగా తీరిక దొరికితే అను గార్గ్ పంపే మాటలు చదవండి, నాకు చాలా ఇష్టం’ అని పెట్టండి. జీమెయిల్ ఆ జవాబును ఒకే మనిషికి నాలుగు రోజుల్లో ఒకసారికి మించి పంపదు, కాబట్టి ఎవరినీ విసిగించదు. చివరి తేదీ మాత్రం మరవకుండా నింపండి. ఖాళీగా వదిలేస్తే మీరు తిరిగొచ్చి పనిలో పడ్డాక కూడా సెలవులోనే ఉన్నారని అందరికీ చెబుతూనే ఉంటుంది.