చేని తడిని ఇంటికి తెలుపు రేడియో బోర్డు

ఊరికి దూరముగా నున్న చేనిలో నేల తడి ఎంత యున్నదో ఇంటివద్దనే చూచుకొనుటకు చిన్న రేడియో బోర్డులు ఇప్పుడు బజారులో దొరకుచున్నవి. వాని భాగములను గూర్చి తెలియక కొన్నచో బోర్డు మొదటి రోజుననే చెడిపోవచ్చును. లేదా ఒక రోజు తిరుగకముందే బ్యాటరీ అయిపోవచ్చును. కావున ఏ భాగము ఏ పని చేయునో ముందుగా తెలిసికొనుడు.

ఇ.ఎస్.పి.32 చిప్పు, లోరా రేడియో, చిన్న తెర గల బోర్డును ఉదాహరణగా తీసికొందము. చేనిలో ఒకటి, ఇంటివద్ద ఒకటి, మొత్తము రెండు బోర్డులు కావలెను.

1. మైక్రోకంట్రోలరు: ఇది బోర్డునకు మెదడు వంటిది. నేలలో పాతిన సెన్సారు ఇచ్చు వోల్టేజిని చదివి అంకెగా మార్చును. ఇది 3.3 వోల్టులతో పనిచేయును. 5 వోల్టుల తీగను దీని పిన్నులకు నేరుగా కలుపరాదు.

2. రేడియో: వై-ఫై ఇంటి ఆవరణ దాటి ఎక్కువ దూరము పోదు. లోరా పద్ధతిలో కొలది సమాచారమును మెల్లగా పంపుదురు. అందుచే తక్కువ శక్తితోనే, అడ్డములేని చోట కొన్ని కిలోమీటర్ల వరకు అందును. మన దేశమున 865 నుండి 868 మెగాహెర్ట్జ్ వరకు నిర్ణీత శక్తికి లోబడి లైసెన్సు లేకుండ వాడవచ్చును. 433, 915 మెగాహెర్ట్జ్ బోర్డులు కూడ అమ్మకమునకు వచ్చును. కొనునపుడు అడిగి చూచుకొనుడు.

3. ఏంటెనా: ఈ రేడియోకు సుమారు 8.6 సెంటీమీటర్ల నిలువు తీగ ఏంటెనాగా సరిపోవును. ఏంటెనా బిగింపక ఎన్నడును కరెంటు ఇయ్యకుడు. బయటకు పోవలసిన శక్తి వెనుకకు మరలి రేడియో చిప్పును చెరుపవచ్చును.

4. తెర: ఇందు అడ్డముగా 128, నిలువుగా 64 చుక్కలుండును. ప్రతి చుక్కయు తానే వెలుగును. ఎన్ని చుక్కలు వెలిగిన అంత కరెంటు ఖర్చగును. చేనిలో చూచువారు లేరు గనుక అక్కడి తెరను ఆర్పియుంచుడు.

5. బ్యాటరీ: 3.7 వోల్టుల లిథియం బ్యాటరీ వాడుదురు. ధన, ఋణ తీగలను బోర్డుపై గుర్తులతో సరిచూచి కలుపుడు. 45 డిగ్రీల సెంటీగ్రేడు మించిన వేడిలో చార్జి చేయరాదు. వేసవిలో పెట్టెను నీడన ఉంచుడు.

ఈ లెక్క గమనించుడు. బ్యాటరీ 2000 మిల్లీ ఆంపియర్ గంటలది అనుకొందము. బోర్డు ఎల్లప్పుడు మేల్కొని 100 మిల్లీ ఆంపియర్లు వాడినచో 20 గంటలలో అయిపోవును. అదే బోర్డు అరగంటకొకసారి 5 సెకండ్లు మాత్రము మేల్కొని, మిగిలిన కాలమున 0.2 మిల్లీ ఆంపియరుతో నిద్రించినచో, లెక్క ప్రకారము 5 నెలలకు పైగా వచ్చును. కనుక ఖర్చును తగ్గించునది పెద్ద బ్యాటరీ కాదు, బోర్డు నిద్ర. ప్రోగ్రాము వ్రాయువారితో ఈ సంగతి తప్పక చెప్పుడు.

చివరి మాట. నల్లరేగడిలో వచ్చు అంకె ఎర్రనేలలో రాదు. మీ చేని ఎండుమట్టిలో ఒక అంకె, బాగుగా తడిసిన మట్టిలో ఒక అంకె వ్రాసి ఉంచుకొనుడు. మొదటి కొన్ని తడులకు సెన్సారు లోతున మట్టి తీసి పిడికిట పట్టి చూచి, తెరపై అంకెతో సరిపోల్చుడు. రెండును కలిసిన పిమ్మటనే ఆ అంకెను నమ్మి నీరు పెట్టుడు.