రాళ్ళ మధ్య కలాంచో పూలు: పురుగుల షెడ్డు పక్కన పెంచేటప్పుడు జాగ్రత్తలు



ఈ వారం పాఠం పూల మొక్క గురించి. పట్టుపురుగుల వాళ్ళకు పూలతోట ఎందుకని కొందరు నవ్వొచ్చు. ఈ పూల వల్లనే మేము ఒక పంటలో మూడో వంతు పోగొట్టుకున్నాము. అందుకే రాస్తున్నాము.

మాది చింతామణి పక్క పల్లె. షెడ్డుకు తూర్పున కొంచెం బండ నేల ఉంది. నాగలి దిగదు, మల్బరీ రాదు. జనవరిలో బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు పోయినప్పుడు మా పాప కలాంచో మొక్కలు చూసి, మన బండ మీద ఇవి పెడదామని అడిగింది. నాలుగు కుండీలు కొనుక్కొని వచ్చినాము.

మొక్క సంగతి

కలాంచో మడగాస్కర్ దీవి మొక్క. మన రణపాలకు దగ్గరి చుట్టం. ఆకులు దళసరిగా ఉండి నీళ్ళు దాచుకుంటాయి. ఎరుపు, పసుపు, నారింజ, గులాబీ రంగుల్లో గుత్తులుగా పూస్తుంది. బాగా చూసుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది.

నేల తయారీ

రెండు పాళ్ళు ఎర్రమన్ను, రెండు పాళ్ళు ముతక ఇసుక, ఒక పాలు సన్న జల్లి, ఒక పాలు బాగా మాగిన ఎరువు కలపాలి. పెద్ద రాళ్ళను మూడో వంతు మట్టిలో పూడ్చి కొంచెం వాలుగా పెట్టాలి. వాటి సందుల్లో ఈ మట్టి ఒక అడుగు లోతు నింపాలి. వాన పడితే నీళ్ళు నిలవకూడదు, జారిపోవాలి.

రెండు విషయాలు మరవద్దు. తట్టల్లో తీసిన పెంట, మిగిలిన ఆకు పచ్చిగా వేయొద్దు, గుంతలో మాగినాకే వాడాలి. షెడ్డు కడిగిన బ్లీచింగ్ నీళ్ళు, సున్నం నీళ్ళు ఈ పక్కకు రాకుండా కాలువ తిప్పాలి. మొదటి ఏడు మాకు మూడు మొక్కలు ఆ నీళ్ళకే మాడిపోయినాయి.

నాటడం

పూలు అయిపోయినాక ఎండిన గుత్తులు కత్తిరించి, మూడు నాలుగు అంగుళాల కొమ్మలు తీసుకోవాలి. అడుగు ఆకులు తుంచి రెండు మూడు రోజులు నీడలో పెట్టాలి. కోసిన చోటు ఆరిపోవాలి. పచ్చిగా నాటితే కుళ్ళుతుంది. అడుగుకు ఒకటి నాటి కొంచెమే నీళ్ళు చల్లాలి. రెండు మూడు వారాల్లో వేరు పట్టుకుంటుంది.

నీళ్ళు, ఎండ

వేలు రెండు కణుపులు మట్టిలో దించి చూడండి. లోపల పొడిగా ఉంటేనే నీళ్ళు పోయాలి. ఆకు ముడతపడి పల్చబడితే దాహం. మెత్తబడి పసుపుగా అయితే నీళ్ళు ఎక్కువైనట్టు. మొక్కలు చచ్చేది ఎక్కువగా రెండో దానితోనే. పొద్దుటి ఎండ మంచిది. ఎండాకాలంలో మధ్యాహ్నం రాయి కాలిపోతుంది, అప్పుడు కాస్త నీడ కావాలి.

పూయకపోతే వెలుతురు చూడండి

రాత్రి పొడుగైతేనే కలాంచో మొగ్గ తొడుగుతుంది. అందుకే మన దగ్గర చలికాలంలో పూస్తుంది. ఒక ఏడు మా షెడ్డు గోడ పక్క మొక్కలు పూయలేదు, అవతలి పక్కవి నిండుగా పూసినాయి. రాత్రి ఆకు వేసేటప్పుడు వసారాలో బల్బు వెలుగుతా ఉంటుంది కదా, ఆ వెలుతురు వీటి మీద పడుతా ఉండింది. బల్బుకు అడ్డంగా రేకు కట్టినాము, మరుసటి ఏడు పూసినాయి. కుండీలో మొక్క అయితే సాయంత్రం ఐదు నుంచి పొద్దున ఏడు దాకా, అంటే 14 గంటలు, నల్ల గుడ్డ కప్పాలి. ఇట్లా ఆరు వారాలు చేస్తే మొగ్గ వస్తుంది.

మా తప్పు

ఒక ఎండాకాలం మొక్కలకు పిండినల్లి పట్టింది. ఇంట్లో మిగిలిన పురుగుమందు ఉంటే కలిపి కొట్టేసినాము. పూల మొక్కలకే కదా అనుకున్నాము. గాలి మల్బరీ వైపు ఉంది, పక్క సాళ్ళ మీద తుంపర పడింది. మూడో రోజు ఆ సాళ్ళ ఆకే కోసి రెండు అరలకు వేసినాము. నాలుగో జ్వరం లేచిన పురుగులు. సాయంత్రానికి తలలెత్తి అటూ ఇటూ ఊపడం, పచ్చగా కక్కడం, ఒళ్ళు ముడుచుకోవడం మొదలైంది. తెల్లారేసరికి ఆ రెండు అరలూ పోయె. మొత్తం ఉన్నవి ఆరు అరలు. ఆ నెల శిడ్లఘట్ట మార్కెట్టుకు గూళ్ళు తీసుకుపోతే బాడుగ, ఆకు ఖర్చు పోను చేతికి మిగిలింది ఏమీ లేదు.

ఇప్పుడు మేము చేసేది

పిండినల్లి కనిపిస్తే తడి దూదితోనో, పాత బ్రష్షుతోనో తుడిచేస్తాము. ఎక్కువగా ఉన్న కొమ్మను కోసి కాల్చేస్తాము. చీమలు తిరుగుతా ఉంటే పిండినల్లి ఉందని అర్థం. దాని తీపి కోసం చీమలే వాటిని కాపాడుతాయి, మళ్ళీ అవే చీమలు పురుగుల అరల మీదికి వస్తాయి. వేపనూనె అయితే పరవాలేదు అనుకోవద్దు. వేప మందు పట్టుపురుగుకూ చెరుపే, జ్వరం సరిగా విడవనీయదు.

పిండినల్లుల్లో కొన్ని మల్బరీని కూడా పడతాయి. మందారం మీద కనిపించే గులాబీ పిండినల్లే మన తోటలో తుక్రా తెచ్చేది. కాబట్టి మల్బరీ గట్టున మందారం పెట్టొద్దు. పూల మొక్కలు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగి, చెప్పులు మార్చి షెడ్డులోకి పోవాలి.

ఇంకొకటి. కలాంచో ఆకు, పూలు ఆవులకు, మేకలకు విషం, గుండె మీద పని చేస్తుంది. మిగిలిన మల్బరీ కొమ్మలు పశువులకు వేస్తాము కదా, ఆ కుప్పలో కలాంచో కత్తిరింపులు కలవకూడదు. విడిగా గుంతలో పూడ్చండి.

పూలు పెంచొద్దని మేము చెప్పడం లేదు. ఈ చలికాలం కూడా మా బండ మీద మూడు రంగులు పూసినాయి. రాత్రి రెండింటికి ఆకు వేసి బయటికి వస్తే కంటికి ఆనందంగా ఉంటుంది. మీరు కూడా ఈ రోజు షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగి, ఏ మొక్కలు ఉన్నాయి, వాటికి ఏ మందు కొడుతున్నారు, గాలి ఎటు పోతుంది, ఈ మూడూ చూసుకోండి. పక్క తోటవాళ్ళకు కూడా చెప్పండి.